పేజీలు తిప్పిన ఎడమ చెయ్యి

ఆ రోజుల్లో మందు దొరకడం అంటే దొరికేదాకా తిరగడం. ఇప్పుడు ఫోన్లో పేరు కొడితే చాలు, మనం లేచి చెప్పులు వేసుకునేలోపు ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం పద్మారావు నగర్‌లో "స్టాక్ లేదు, రేపు రండి" అనే మాట విన్నాక మనిషికి రెండే దారులు ఉండేవి. ఒకటి, రేపు రావడం. రెండు, చుట్టుపక్కల ఇళ్లలో ఏముంటే అది పూసుకోవడం. నేను రెండూ చేశాను. ఆ ఏడాది వానలు వెనకబట్టే వేళకి మా వీధి వైద్యమంతా నా ఎడమ చేతి మీద ప్రాక్టికల్ పరీక్ష రాసింది. పాసైందా ఫెయిలైందా అంటే చెప్పలేను. ఇన్నేళ్ల తర్వాత ఆ చేతిని చూసుకుంటే నాకు దురద గుర్తుకు రాదు, ఒక అమ్మాయి తల ఊపడం గుర్తుకొస్తుంది. (మా ఆవిడ ఇది చదువుతుంది. చదవనివ్వండి. చివర్లో ఆవిడకి ఒక మంచి మాట ఉంది.)

డిగ్రీ అయ్యాక బోయిన్‌పల్లిలో గిన్నెలు తోమే ద్రవం తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సేల్స్ కుర్రాడిగా చేరాను. హోటళ్లకూ హాస్టళ్లకూ వెళ్లి, బకెట్లో ఆ ద్రవం కలిపి, జిడ్డు గిన్నె ఒకటి అడిగి తీసుకుని తోమి చూపించి, "చూశారా సార్, చేతికి మాత్రం పువ్వులా మెత్తగా ఉంటుంది" అనడం నా ఉద్యోగం. కుడి చెయ్యి పీచు పట్టుకుని పైపైన తిరిగేది. ఎడమ చెయ్యి గిన్నె పట్టుకుని బకెట్లోనే కాపురం ఉండేది. కొన్ని నెలలకే ఆ పువ్వు నా ఎడమ చేతి వేళ్ల సందుల్లో ఎర్రగా విచ్చుకుంది. తర్వాత పగుళ్లు, పొట్టు, రాత్రీ పగలూ దురద. "చేతికి పువ్వులా" అనే మాట వచ్చేసరికి చెయ్యి జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. మా వీధి చివర చర్మం డాక్టరు గారు ఉండేవారు. నిమిషానికి ఒకరిని చూసి పంపుతారని అందరూ ఆయన్ని నిమిషం డాక్టరు అనేవారు. ఆయన చేతిని తిప్పి చూసి, ఎగ్జిమా అని చెప్పి, ఒక క్రీము రాసిచ్చారు. "ఇది స్టీరాయిడ్. కందిగింజంత తీసి పల్చగా రాయి. నేను చెప్పినన్ని రోజులే రాయి. మొహానికి రాయకు, ఇంకొకరికి ఇవ్వకు. నెక్స్ట్." నీలం గీత ఉన్న చిన్న ట్యూబు అది. అది రాయడం మొదలుపెట్టిన వారానికల్లా నా చెయ్యి మళ్లీ మనిషి చెయ్యి అయింది. మా అమ్మ దానికి 'నీలం గీత మందు' అని పేరు పెట్టి, ఫ్రిజ్‌లో వెన్నగిన్నె పక్కన స్థానమిచ్చింది. బకెట్ ఉద్యోగం మానలేదు కాబట్టి దురద అప్పుడప్పుడూ తిరిగొచ్చేది, డాక్టరు గారు మళ్లీ రాసిచ్చేవారు, మళ్లీ పోయేది.

ఇక చేతికి అసలు పని ఏమిటో చెప్పాలి. మా చర్చిలో కాళ్లతో తొక్కుతూ వాయించే పాత ఆర్గన్ ఒకటి ఉండేది. దాన్ని వాయించే అమ్మాయి బొల్లారం నుంచి బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న అక్కడ మిలిటరీ ఆఫీసులో పనిచేసేవారు. పేరు చెప్పను, అప్పుడు కూడా మేమంతా బొల్లారం అమ్మాయి అనే అనేవాళ్లం. ఆ అమ్మాయి కోసమే నేను క్వయర్‌లో, అంటే చర్చి పాటల బృందంలో, చేరడానికి వెళ్లాను. క్వయర్ నడిపే పెద్దాయన్ని మేము తాళం అంకుల్ అనేవాళ్లం, ఎవరితో మాట్లాడుతున్నా వేళ్లతో టేబుల్ మీద తాళం వేస్తుంటారని. ఆయన నా చేత రెండు లైన్లు పాడించి, చాలాసేపు తాళం వేసుకుని, చివరికి ఎంతో ప్రేమగా, "బాబూ, నీ హృదయం మంచిది. నువ్వు హృదయంలో పాడుకో" అన్నారు. నేను తల దించుకుని బయటికి నడుస్తుంటే ఆర్గన్ వైపు నుంచి ఆ గొంతు వినిపించింది. "అంకుల్, నాకు పేజీలు తిప్పెటోళ్లు కావాలె. ఆయన ఖాళీగనే ఉన్నరు కదా." నేను అక్కడే ఆగిపోయాను. నా జీవితంలో నా ఖాళీని అంత గౌరవంగా గుర్తించినవాళ్లు అంతకు ముందు లేరు, ఆ తర్వాతా లేరు.

పేజీలు తిప్పడం తేలిక అనుకుంటారు. వాయించేవాళ్లకి ఎడమ పక్కన నిలబడాలి. చొక్కా చెయ్యి పుస్తకానికి అడ్డం రాకూడదు. ఎడమ చేత్తో పైనుంచి అవతలి కొస పట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఆ అమ్మాయి తల చిన్నగా ఊపగానే చప్పుడు లేకుండా తిప్పాలి. ముందుగా తిప్పితే పాట పోతుంది, ఆలస్యంగా తిప్పినా పోతుంది. నాకు స్వరాలు చదవడం రాదు. అందుకని పుస్తకం వైపు చూసేవాణ్ని కాదు, ఆ అమ్మాయి వైపే చూసేవాణ్ని. శనివారం సాయంత్రాలు క్వయర్ ప్రాక్టీసులో, ఆదివారం ఆరాధనలో, ఆ తల ఎప్పుడు ఊగుతుందా అని ఊపిరి బిగపట్టి నిలబడటమే నా భక్తి. ఊపేముందు ఒక్క క్షణం కనురెప్పలు వాలేవి. ఆ అమ్మాయితో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. కానీ నా ఎడమ చెయ్యి ఆమె కళ్లకి జానెడు దూరంలో ఉండేది. ఆ దూరంలో నిలబడే హక్కు లోకంలో నాకొక్కడికే ఉండేది. అది పోతే నేను మళ్లీ హృదయంలో పాడుకునేవాణ్నే.

సరిగ్గా చర్చిలో కోత పండుగ దగ్గరపడుతుండగా నీలం గీత మందు అయిపోయింది. దురద తిరిగొచ్చింది, ఈసారి బంధువుల్ని కూడా వెంటబెట్టుకుని. డాక్టరు గారి దగ్గరికి వెళ్తే తలుపుకి తాళం, మీద ఒక కాగితం. కూతురి పురుడికి వైజాగ్ వెళ్లారట, కింద అక్కడి ఫోను నంబరు. పాత చీటీ పట్టుకుని మా అమ్మా నేనూ మందుల షాపుకి వెళ్లాం. ఆ షాపాయన ఏది అడిగినా ముందు 'నో స్టాక్' అని, తర్వాత వెతికేవాడు, అందుకని మా అందరికీ 'నో స్టాక్ అన్న' అయ్యాడు. ఈసారి వెతికినా లేదు. "కంపెనీ నుంచే వస్తలేదమ్మా, సికింద్రాబాద్ మొత్తంల లేదు. దానికి బదులు ఇది తీస్కపోండ్రి, దీంట్ల సుత అదే మందు. లేకుంటే ఇది, ఫైవ్ ఇన్ వన్, అన్నిటికీ పనిచేస్తది. లేకుంటే ఈ పౌడర్. లేకుంటే ఈ సబ్బు." నాలుగింటినీ ఒకే నమ్మకంతో వరసగా పేర్చాడు. మా అమ్మ స్కూలు టీచరు. అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పే పిల్లవాణ్ని ఆవిడ నమ్మదు. "డాక్టరు గారు రాసింది నీలం గీత. మాకు డూప్లికేట్లు వద్దు" అని నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. మందుని గీత రంగుతో గుర్తుపెట్టుకున్న మా ఇంట్లో అంతకంటే జ్ఞానం ఆశించకూడదు.

మర్నాడు మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజం కూడికకి వెళ్లి ప్రార్థన మనవి పెట్టింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, మనవి ఏదైనా లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి, అందరూ ఇంటికి వెళ్లి ప్రార్థించాలి. తెలిసి నేను తల పట్టుకున్నాను.

"అమ్మా, చర్చి మొత్తానికి చాటావా?"

"నీ పేరు చెప్పలేదురా. 'ఒక యవ్వనస్థుడు, ఎడమ చెయ్యి' అన్నాను, అంతే."

మా చర్చిలో ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యని యవ్వనస్థుడు ఒక్కడే ఉన్నాడన్న సంగతి ఆవిడకి తట్టలేదు. ఆదివారం ఆరాధన ముగిసేసరికి నా చుట్టూ ఒక వైద్య శిబిరం వెలిసింది. ఒకరు కొబ్బరినూనెలో కర్పూరం అన్నారు, ఒకరు వేపాకుల నీళ్లు అన్నారు, ఒకరు అసలు వంకాయ మానేయమన్నారు. ప్రార్థన చేసేవాళ్లు ఊరికే ప్రార్థన చేసి ఊరుకోరు, దేవుడికి కాస్త సాయం కూడా చేద్దామనుకుంటారు. నేను బెదురుగా ఆర్గన్ వైపు చూశాను. ఆ అమ్మాయి పుస్తకాలు సర్దుకుంటోంది, ఇటు చూడలేదు. బతికిపోయాననుకున్నాను.

మొదట మా అమ్మ వేపాకు, పసుపు నూరి పట్టు వేసింది. శనివారం ప్రాక్టీసుకి ముందు ఎంత కడిగినా పసుపు పోలేదు. తిప్పిన ప్రతి పేజీ కొసకి పెళ్లి శుభలేఖలా పసుపు అంటింది. "ఇంట్ల ఏమన్న ఫంక్షనా?" అని అడిగింది బొల్లారం అమ్మాయి. అదే ఆమె నన్ను అడిగిన మొదటి సొంత ప్రశ్న. దానికి నేను ఎన్నో రాత్రులు కలల్లో తయారుచేసుకున్న జవాబులు వదిలేసి, "మామిడికాయ పచ్చడి" అన్నాను. వానాకాలం చివర్లో మామిడికాయ ఎక్కడిదని ఆమె అడగలేదు. తర్వాతి వారం రిటైరైన నర్సు ఒకావిడ (మేము ఇంజెక్షన్ ఆంటీ అనేవాళ్లం) ఊదారంగు మందు నీళ్లలో దూది ముంచి చేతికంతా పులిమేసింది. చెయ్యి నేరేడుపండు అయింది. దాన్ని దాచడానికి మా నాన్న స్కూలు రోజుల్లో బ్యాండులో వేసుకున్న తెల్ల గ్లౌజు దొరికితే వేసుకుని వెళ్లాను. తాళం అంకుల్ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఏం బాబూ, ట్రాఫిక్ డ్యూటీనా?" అన్నారు. గ్లౌజు వేళ్లకి పేజీ చిక్కలేదు, రెండు సార్లు జారింది. ఆ అమ్మాయి మాత్రం వాయిస్తూనే ఉంది. ఎంత చేయి తిరిగిన మనిషి అని మురిసిపోయాను గానీ, ఇంకో ఆలోచన రాలేదు. ప్రేమలో ఉన్నవాడికి మురిసిపోవడం తప్ప ఆలోచన రాదు.

మా నాయనమ్మ ఇదంతా మంచం మీద నుంచి గమనిస్తూ ఉంది. ఒకరోజు ఆముదం గిన్నె తెప్పించుకుంది. "చెట్టు లేని ఊళ్లో ఆముదం చెట్టే మహావృక్షం అన్నారు కదరా. ఆ నీలం గీత ఊళ్లోనే లేదంట. ఇంకెందుకు, ఇటు చాపు" అని మోచేతి దాకా మర్దించింది. చేతికి హాయిగానే ఉంది, అబద్ధం చెప్పకూడదు. పుస్తకానికే హాయిగా లేదు. ఆముదం అంటిన చోట కాగితం పల్చబడి, అవతలి పేజీ స్వరాలు ఇవతలికి కనిపించడం మొదలుపెట్టాయి. రెండు పాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ అమ్మాయి ఆ పేజీని ఒక్క క్షణం చూసి, పెదవి బిగపట్టి, అసలు పాటనే వాయించింది.

కోత పండుగకి మూడు రోజుల ముందు కింది ఇంటి ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అనే ఆవిడ, నన్ను మెట్ల మీద పట్టుకుంది. ఆవిడ వాళ్లది పక్క బజారులో కుట్టుపని దుకాణం. మా అమ్మని టీచరమ్మ అని, నన్ను బేటా అని పిలిచేది. "గింత తక్లీఫ్ పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నవ్ బేటా? మీ చర్చోళ్లు అందరు ఏదో ఒకటి రాసిండ్రంట, మేము పరాయోళ్లమా?" అని గట్టిగానే కోప్పడింది. ఆ కోపంలో న్యాయం ఉంది. వాళ్లమ్మ నేర్పిన మర్హం అట, నువ్వుల నూనెలో తేనె మైనం కరిగించి తీసిన పచ్చటి ముద్ద. "జెర మందంగ పెట్టు. పండుగ నాడు సుత పెట్టుకొనే పో" అంది. ఆవిడ మాట తీసెయ్యలేకపోయాను. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ఆ మర్హంతోనే పగుళ్లు కొంచెం మెత్తబడ్డాయి. కానీ మైనం మైనమే.

మా కోత పండుగ గురించి ఒక్క మాట చెప్పాలి. పొలం పంటలో మొదటి భాగం దేవుడికి తెచ్చి ఇచ్చే పండుగ అది. కోస్తాలో మా తాతల కాలంలో బండ్ల మీద ధాన్యం వచ్చేదట. సికింద్రాబాద్‌లో మాకు బాల్కనీలో మనీప్లాంటు తప్ప పంట లేదు. అందుకని అందరం తెల్లారగానే బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి, ఒకే వ్యాపారి దగ్గర గుమ్మడికాయలు కొని, మా చెమట ఫలితంలా ముఖం పెట్టి వేదిక ముందు పేర్చేవాళ్లం. ఆ ఏడాది కూడా అన్ని కుటుంబాల గుమ్మడికాయలూ కవల పిల్లల్లా ఉన్నాయి. పాస్టరు అయ్యగారు వాటి మీద చేతులు చాపి, "మీ మీ పొలాల ఫలములను" అని దీవించారు. మా నాన్న మాత్రం కళ్లు మూసుకుని నిజంగా పొలం ఉన్నవాడిలాగే ఆమేన్ అన్నారు.

నేను గ్లౌజు లేకుండా, మర్హం పెట్టిన చేత్తో ఆర్గన్ పక్కన నిలబడ్డాను. చెయ్యి కనిపిస్తుంది, కనిపించనీ, పేజీ జారడం కన్నా నయం అనుకున్నాను. అందరూ లేచి నిలబడ్డారు, కోత పాట మొదలైంది. మొదటిసారి ఆ తల ఊగింది. తిప్పాను. చేతికి ఒక పేజీ కాదు, ఒక కట్ట వచ్చింది. మైనానికి అంటుకున్న పేజీలన్నీ కలిసి అటు పడ్డాయి. వెనక్కి లాగబోతే ఇంకో నాలుగు వచ్చాయి. ఎదురుగా పుస్తకంలో ఉన్నది కోత పాట కాదని స్వరాలు రాని నాకు కూడా తెలిసింది, ఎందుకంటే పైన పెద్ద అక్షరాలతో 'సమాధి కార్యక్రమమునకు' అని ఉంది. ఇప్పుడు పాట ఆగుతుంది, చర్చి మొత్తం ఇటు తిరుగుతుంది, నా పని ఈ రోజుతో సరి.

పాట ఆగలేదు. ఒక్క స్వరం తప్పలేదు. ఆ అమ్మాయి సమాధి పాట ఎదురుగా పెట్టుకుని కోత పాట వాయించుకుంటూ పోతోంది. పోనీ ఒక పేజీ గుర్తుందేమో అనుకున్నాను. ఇంతలో కనురెప్పలు వాలాయి, మళ్లీ తల ఊపింది, ఎప్పుడూ ఊపే చోటే, ఎప్పుడూ ఊపేంత చిన్నగానే. నేను సమాధి పాట తిప్పి పెళ్లి పాట తెచ్చాను. ఆమె వాయించింది. మళ్లీ తల ఊపింది, మళ్లీ తిప్పాను. ఆ పుస్తకంలో ఆమెకి కావలసింది ఒక్క అక్షరం లేదు. ఉన్నట్టు ఆమె తల ఊపుతోంది, ఉన్నట్టు నేను తిప్పుతున్నాను. అలా చివరి చరణం దాకా ఇద్దరం అబద్ధం ఆడాం. అంత సంతోషం నాకు మళ్లీ ఏ నిజంలోనూ దొరకలేదు.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కూరగాయల వేలంపాట జరుగుతోంది. (అవే గుమ్మడికాయలు మళ్లీ మేమే కొనుక్కుని ఇంటికి తీసుకెళ్తాం.) ఆ అమ్మాయి పొడవాటి పొట్లకాయ ఒకటి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"చెయ్యి ఎట్లుంది?"

"ఏ చెయ్యి?" అన్నాను, జేబులో పెట్టుకుంటూ.

"మీకు ఎన్ని చేతులున్నయండీ? స్త్రీల సమాజంల మా పెద్దమ్మ సుత ఉంటది. ఎడమ చెయ్యి యవ్వనస్థుడి కోసం మా ఇంట్ల రోజూ ప్రార్థన నడుస్తున్నది."

ఇన్ని వారాలూ పసుపు, ఊదారంగు, ట్రాఫిక్ గ్లౌజు, అన్నీ తెలిసే చూసిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయి, "పేజీలు పాడు చేశాను" అన్నాను.

"మంచిగనే తిప్పిండ్రు."

"అక్కడ ఉన్నది వేరే పాట."

"అవునా?" అని నవ్వింది. "నేను చూడలే."

అప్పుడు అడగాలి. చూడకుండానే పాటలన్నీ వాయించడం వచ్చినప్పుడు, పేజీలు తిప్పడానికి మనిషి ఎందుకు కావాలని అడిగారు? అంతే మాట. నాలుక చివరిదాకా వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగలేదు, "బస్సు టైమైందేమో" అన్నాను. ఆమె కాసేపు నిలబడింది. "అవును, అయింది" అని పొట్లకాయ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే డాక్టరు గారు తిరిగొచ్చారు. నా చెయ్యి చూసి, నేను ఒక్కొక్కటీ చెబుతుంటే విని, ఆ రోజు మాత్రం నిమిషం దాటి మాట్లాడారు. "ఇన్ని రాసినా ఈ చెయ్యి ఇంకా నిన్నే అంటిపెట్టుకుని ఉంది చూడు, దాని మంచితనం" అన్నారు. నీలం గీతది దొరకకపోతే అదే మందు వేరే పేరుతో దొరుకుతుందని, అసలు మందు పేరు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటుందని, కాకపోతే షాపులో చూపించిన ప్రతిదీ అదే అనుకుని రాసెయ్యకుండా తనకి ఒక ఫోను చేసి ఉండాల్సిందని చెప్పారు. "ఊరెళ్లిన మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని" అంది మా అమ్మ చిన్నబోయి. ఆయన ఆ వేరే పేరు మందే రాసిచ్చారు. బకెట్ దగ్గర గ్లౌజు వేసుకోమన్నారు, కడిగిన ప్రతిసారీ వాసనలేని మామూలు క్రీము రాసుకోమన్నారు. చెయ్యి చక్కగా నయమైంది. పగులు లేదు, పొట్టు లేదు, పేజీ తిప్పడానికి పుట్టిన చెయ్యిలా ఉంది. దాన్ని తీసుకుని క్రిస్మస్ పాటల మొదటి ప్రాక్టీసుకి వెళ్తే, ఆర్గన్ మూత వేసి ఉంది. వాళ్ల నాన్నకి బదిలీ అయిందని, సామాను కూడా వెళ్లిపోయిందని తాళం అంకుల్ చెప్పారు. నా మొహం చూసి ఆయన వేళ్లు తాళం వేయడం ఆపేశాయి. నేను ఆర్గన్‌కి ఎడమ పక్కన కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాను. ఆ చెయ్యి దురద పెట్టినన్నాళ్లూ నాకు పని ఉండేది.

ఇప్పుడు మా చర్చిలో ఆర్గన్ లేదు, కీబోర్డు ఉంది. దాని మీద టాబ్లెట్ పెట్టుకుంటారు, కాలితో ఒక మీట నొక్కితే పేజీ దానంతటదే తిరుగుతుంది. మంచిదే, దానికి ఎగ్జిమా రాదు. కోత పండుగ మాత్రం మారలేదు, గుమ్మడికాయలు ఇంకా బోయిన్‌పల్లి నుంచే వస్తాయి. పోయిన కోత పండుగకి మా ఆవిడా నేనూ వెనక వరసలో కూర్చున్నాం. మా ఆవిడది వరంగల్. కోత పాట వచ్చింది. అందరితో పాటు లేచి నిలబడి, తాళం అంకుల్ చెప్పినట్టు హృదయంలో పాడుకుంటున్నాను. పేజీ తిప్పే ఆ చోటు వచ్చేసరికి, నేను లేవమనకుండానే, నా ఎడమ చెయ్యి కాస్త పైకి లేచింది. ప్రతి ఏడూ లేస్తుంది. ఈ వయసులో ఇదేం పని అని దాన్ని నేనే చూసి నవ్వుకుంటాను.

"ఏందీ, దోమ కుట్టిందా?" అంది మా ఆవిడ చెవిలో.

"ఆ, కుట్టింది" అన్నాను.

ఆవిడ చేతిసంచి తెరిచి, నా కోసం ఎప్పుడూ పెట్టుకు తిరిగే ఆ మామూలు క్రీము తీసింది. "ఇటు తే" అని నా ఎడమ చెయ్యి అందుకుని పల్చగా రాసింది. చల్లగా ఉంది. అక్కడ దోమ కాటు ఏదీ లేదని ఆవిడ చూసే ఉంటుంది, ఆవిడ కళ్లు చురుకు. అయినా అడగలేదు. ఇంకా రెండు చరణాలు ఉన్నాయి, అవి అయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు.